స్వర్ణయుగం, చీకటి యుగం: యానిమేషన్ చిత్రాభిమానుల యుగ విభజనపై ఒక పరిశీలన

తెలుగు సాహిత్య చరిత్ర రచనలో యుగ విభజన మొదటి నుంచీ వివాదాస్పదమైన అంశమే. కందుకూరి వీరేశలింగం కవులను పూర్వులు, మధ్యకాలికులు, ఆధునికులు అని విభజించారు. పింగళి లక్ష్మీకాంతం ప్రధానంగా యుగకర్తలైన కవుల పేర్లతో కాలాన్ని నిర్దేశించారు. ఆరుద్ర రాజవంశాల పాలనాకాలాలను ఆధారం చేసుకున్నారు. ఏ పద్ధతిని స్వీకరించినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. యుగానికి పెట్టిన పేరు ఆ కాలపు రచనలను వర్ణిస్తున్నదా, లేక వాటిపై ముందుగానే తీర్పు చెబుతున్నదా? ‘క్షీణయుగం’ అన్న పేరు విన్న విద్యార్థి ఆ కాలపు కావ్యాన్ని విప్పకముందే దాని విలువ గురించి ఒక అభిప్రాయానికి వచ్చి ఉంటాడు.

ఇదే ప్రశ్న సాహిత్యానికి దూరంగా కనిపించే మరొక రంగంలోనూ ఎదురవుతుంది. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే యానిమేషన్ చిత్రాల్లో ఏ కాలానివి ఉత్తమమైనవన్న విషయంపై అభిమానుల మధ్య దశాబ్దాలుగా వాదం సాగుతోంది. ఈ వాదానికి కేంద్రం అమెరికాలోని డిస్నీ స్టూడియో. ఆ స్టూడియో చిత్రాలను అభిమానులు స్వర్ణ, రజత, కాంస్య యుగాలుగా విభజించుకున్నారు; ఒక కాలాన్ని చీకటి యుగమనీ, మరొక కాలాన్ని పునరుజ్జీవన యుగమనీ పిలుచుకున్నారు. ఈ విభజన చారిత్రక ఆధారాలకు ఎంతవరకు నిలుస్తుందో, అది దేనిని చూపి దేనిని మరుగుపరుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పేర్లలోని తీర్పు

అభిమానుల విభజన స్థూలంగా ఇలా ఉంటుంది. 1937లో వచ్చిన ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ నుంచి 1942 నాటి ‘బాంబీ’ వరకు వెలువడిన ఐదు చిత్రాల కాలం స్వర్ణయుగం. తరువాత 1949 వరకు యుద్ధకాలం. 1950 నాటి ‘సిండరెల్లా’ నుంచి 1967 నాటి ‘ది జంగిల్ బుక్’ వరకు రజతయుగం. 1970 నుంచి 1988 వరకు కొందరికి కాంస్యయుగం, మరికొందరికి చీకటి యుగం. 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’ నుంచి 1999 నాటి ‘టార్జాన్’ వరకు పునరుజ్జీవన యుగం. ఆ తరువాతి దశాబ్దం ప్రయోగాల కాలం. 2009 నుంచి పునర్వికాసం.

ఈ పేర్లు రెండు వేర్వేరు ఆలోచనా విధానాల నుంచి వచ్చాయి. లోహాల పేర్లు ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన మానవ జాతుల వరుసను గుర్తుచేస్తాయి. బంగారంతో మొదలై ఇనుముతో ముగిసే ఆ వరుస పతన క్రమాన్ని సూచిస్తుంది. కృతయుగంలో నాలుగు పాదాలతో నడిచిన ధర్మం కలియుగానికి ఒంటికాలిపై మిగులుతుందన్న పురాణ భావన తెలిసిన తెలుగు పాఠకునికి ఇది కొత్తది కాదు. చీకటి, పునరుజ్జీవనం అన్న పేర్లు యూరప్ చరిత్ర రచన నుంచి వచ్చినవి. అక్కడ వెలుగు వచ్చిందని చెప్పుకొన్నవారే తమ ముందు కాలాన్ని చీకటి అన్నారు. 1989 తరువాతి విజయాలను పునరుజ్జీవనమని పిలిస్తేనే అంతకుముందు కాలం మరణావస్థగా కనిపిస్తుంది. ఈ రెండు పేర్లూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవి.

2. కొలమానాల భేదం

అభిమానుల వాదాలను గమనిస్తే, ఒకరి మాటకు మరొకరు నేరుగా సమాధానం చెప్పడం అరుదుగా కనిపిస్తుంది. తొలి చిత్రాల పక్షం వహించేవారు చిత్రలేఖన నైపుణ్యాన్ని ముందుంచుతారు. చిత్రించిన పొరలను వేర్వేరు దూరాల్లో అమర్చి తీసే మల్టీప్లేన్ కెమెరా ‘పినోకియో’లో ఇచ్చిన లోతును, అందులోని సముద్ర దృశ్యాలను ఉదాహరిస్తారు. 1990ల పక్షం వహించేవారు పాటలను చూపుతారు. రంగస్థల సంగీత నాటకాల అనుభవంతో వచ్చిన హోవార్డ్ ఆష్‌మన్, అలన్ మెంకెన్ పాటను అలంకారంగా కాక కథను నడిపే సాధనంగా మలిచారు. 2010ల చిత్రాలను ఇష్టపడేవారు నాయిక పాత్రలో వచ్చిన మార్పును ప్రస్తావిస్తారు. 2013 నాటి ‘ఫ్రోజెన్’లో కథను పరిష్కరించేది రాకుమారుని ప్రేమ కాదు, అక్కాచెల్లెళ్ల అనుబంధం.

ఈ మూడు వాదాలూ తమ తమ పరిధిలో సమంజసమైనవే. మొదటిది శిల్పాన్ని, రెండవది నిర్మాణాన్ని, మూడవది వస్తువును కొలుస్తున్నాయి. వీటికి తోడు వ్యాపార విజయమనే నాలుగో కొలమానం చెప్పకుండానే వచ్చి చేరుతుంది. ‘చీకటి యుగం’ అన్న పేరు చాలావరకు ఈ నాలుగో కొలమానం నుంచే పుట్టింది.

ఆ కొలమానాన్నే నిష్పక్షపాతంగా వర్తింపజేస్తే స్వర్ణయుగం నిలవదు. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో తొలి ప్రదర్శన జరిగిన ‘స్నో వైట్’ ఘన విజయం సాధించింది. అయితే 1940లో వచ్చిన ‘పినోకియో’, ‘ఫాంటాసియా’ రెండూ తొలి విడుదలలో నష్టపోయాయి. యుద్ధం వల్ల యూరప్ మార్కెట్ మూతపడటం అందుకు ముఖ్యమైన కారణం. ‘బాంబీ’ కూడా మొదట పెట్టుబడిని రాబట్టలేకపోయింది. 1941 మే నెలలో స్టూడియో ఉద్యోగులు సమ్మెకు దిగారు. సంఘ నాయకత్వంలో ముందున్న ప్రముఖ యానిమేటర్ ఆర్ట్ బాబిట్‌ను తొలగించడం ఆ సమ్మెకు తక్షణ కారణమైంది. ఆ కాలంలో స్టూడియోను విడిచిన కళాకారుల్లో కొందరు తరువాత యుపిఎ స్టూడియో స్థాపనలో పాలుపంచుకుని, సరళ రేఖలతో కూడిన భిన్నమైన శైలిని రూపొందించారు. అంటే స్వర్ణయుగమని పేరు పడిన ఆ ఐదేళ్లు లోపలివారికి అప్పులు, అసంతృప్తి, సమ్మెలతో నిండిన కాలం. బంగారు రంగు తరువాత అద్దినదే.

3. ‘చీకటి యుగం’లో జరిగిన పని

1966 డిసెంబరు 15న వాల్ట్ డిస్నీ మరణించారు. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో స్టూడియో మార్గదర్శకుని కోల్పోయి తడబడిందన్నది అభిమానుల సాధారణాభిప్రాయం. అందుకు ఆధారాలు లేకపోలేదు. 1973 నాటి ‘రాబిన్ హుడ్’లోని నృత్య దృశ్యంలో ‘స్నో వైట్’, ‘ది జంగిల్ బుక్’, ‘ది అరిస్టోక్యాట్స్’ చిత్రాల కదలికలను తిరిగి వాడుకున్నారు. 1985లో భారీ వ్యయంతో వచ్చిన ‘ది బ్లాక్ కాల్డ్రన్’ ఖర్చులో సగం కూడా స్వదేశంలో రాబట్టలేక, అదే ఏడాది వచ్చిన ‘ది కేర్ బేర్స్ మూవీ’ కంటే వెనుకబడింది. యానిమేషన్ విభాగాన్ని బర్బాంక్‌లోని ప్రధాన ప్రాంగణం నుంచి గ్లెన్‌డేల్‌లోని సాధారణ భవనాలకు తరలించారు.

ఈ చిత్రానికి మరో పార్శ్వం ఉంది. ఈ కాలాన్ని గుర్తించడానికి ఉపయోగపడే గరుకైన నల్లని రేఖ నిజానికి 1961 నాటి ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’తో స్థిరపడింది. అంతవరకు యానిమేటర్ పెన్సిల్ బొమ్మను పారదర్శకమైన సెల్లులాయిడ్ పలకపై సిరాతో చేతితో తిరిగి గీసేవారు. ఆ పనిలో ఎక్కువమంది మహిళలు. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’ ఆ పద్ధతికి పరాకాష్ఠ. దాని వ్యయం సుమారు 60 లక్షల డాలర్లు. తొలి విడుదలలో అది నష్టమే మిగిల్చింది. అబ్ ఐవర్క్స్ జిరాక్స్ విధానాన్ని మార్పుచేసి పెన్సిల్ రేఖను నేరుగా పలకపైకి ఎక్కించే మార్గం చూపారు. ఖర్చు తగ్గింది, స్టూడియో నిలిచింది. చేతి సిరా పని చాలావరకు అంతరించింది. వాల్ట్ డిస్నీకి ఆ గరుకు రేఖ నచ్చలేదు. కొందరు యానిమేటర్లు మాత్రం తమ చేతి గీత మార్పు లేకుండా తెరపైకి వచ్చినందుకు సంతోషించారు. ఒకరి దృష్టిలో క్షీణత అయినది మరొకరి దృష్టిలో స్వేచ్ఛ అయింది. పైగా ఆ మార్పు రజతయుగంలోనే జరిగింది. కాంస్యానికి అంటగట్టిన లక్షణం వెండిలోనే పుట్టిందన్నమాట.

ఇంతకంటే ముఖ్యమైనది శిక్షణ. వాల్ట్ కాలం నాటి యానిమేటర్లు వృద్ధులవుతున్న దశలో స్టూడియో కొత్తవారిని తీర్చిదిద్దే ప్రయత్నం ప్రారంభించింది. 1975లో కాల్ ఆర్ట్స్ సంస్థలో పాత్రల యానిమేషన్ బోధన మొదలైంది. జాన్ మస్కర్, జాన్ లాసెటర్, బ్రాడ్ బర్డ్ అక్కడి తొలి విద్యార్థులలో ఉన్నారు. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ తమ తరం నేర్చిన సూత్రాలను 1981లో ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ అనే గ్రంథంగా వెలువరించారు. అదే సంవత్సరం వచ్చిన ‘ది ఫాక్స్ అండ్ ది హౌండ్’లో ఎలుగుబంటి పోరాట దృశ్యానికి ప్రాణం పోసిన గ్లెన్ కీన్ తరువాత ఏరియల్‌ను, ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లోని బీస్ట్‌ను రూపొందించారు. 1986 నాటి ‘ది గ్రేట్ మౌస్ డిటెక్టివ్’లో గడియారపు పళ్లచక్రాల దృశ్యానికి కంప్యూటర్‌ను వినియోగించారు. ఆ చిత్ర దర్శకుల్లో ఉన్న రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్‌లే మూడేళ్ల తరువాత ‘ది లిటిల్ మెర్మెయిడ్’ తీశారు.

కనుక 1989లో సంభవించినది మరణం తరువాతి పునర్జన్మ కాదు. పదిహేనేళ్లుగా సాగిన శిక్షణకు అది పంట. ఇరు యుగాల మధ్య గీసిన గీత వ్యాపార ఫలితాల దృష్ట్యా కూడా స్వచ్ఛమైనది కాదు. చీకటి యుగంలోని ‘ది రెస్క్యూయర్స్’ 1977లో మంచి విజయం సాధించింది. పునరుజ్జీవన యుగంలో 1990లో వచ్చిన దాని కొనసాగింపు ‘ది రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ పరాజయం పొందింది. అయినా రంగులు పూయడం, పొరలు కూర్చడం పూర్తిగా కంప్యూటర్ వ్యవస్థలో జరిగిన తొలి డిస్నీ కథాచిత్రం అదే. తరువాతి ఏడాది వచ్చిన ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు ప్రతిపాదన పొందిన మొదటి యానిమేషన్ చిత్రమయింది. అందులోని నృత్యమందిర దృశ్యం వెనుక ఆ పరాజయం నేర్పిన పని ఉంది.

4. పునఃప్రదర్శన, అందుబాటు, జ్ఞాపకం

నష్టపోయిన చిత్రాలు స్వర్ణయుగానికి చెందినవిగా ఎప్పుడు మారాయి? ఈ ప్రశ్నకు సమాధానం పంపిణీ చరిత్రలో ఉంది. 1944లో ‘స్నో వైట్’ను మళ్లీ థియేటర్లకు పంపి స్టూడియో లాభం పొందింది. పాత చిత్రాలను సుమారు ఏడేళ్లకొకసారి తిరిగి విడుదల చేసే విధానం క్రమంగా ఏర్పడింది. ప్రతి విడుదలకు కొత్త తరం పిల్లలు సిద్ధంగా ఉండేవారు. తమ బాల్యంలో చూసిన తల్లిదండ్రులే వారిని వెంటబెట్టుకొచ్చేవారు. ‘బాంబీ’, ‘పినోకియో’ ఈ దారిలోనే నష్టాల జాబితా నుంచి కుటుంబ సంప్రదాయంలోకి వచ్చాయి.

‘ఫాంటాసియా’ ప్రస్థానం మరింత ఆసక్తికరమైనది. 1940లో అది సంప్రదాయ సంగీత ప్రియులను, మామూలు ప్రేక్షకులను కూడా పూర్తిగా మెప్పించలేదు. 1969లో తిరిగి విడుదలైనప్పుడు నాటి యువతరం దానిని తమ అభిరుచికి తగిన వర్ణోత్సవంగా ఆదరించింది. 1951లో నిరాశపరిచిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’కు కూడా ఆ తరమే కొత్త గౌరవం ఇచ్చింది. చిత్రం మారలేదు, దాని ముందు కూర్చున్నవారు మారారు.

1985లో ‘పినోకియో’ వీడియో క్యాసెట్‌గా వచ్చిన తరువాత ఈ క్రమం మారింది. కొద్దికాలం అమ్మి మళ్లీ మార్కెట్ నుంచి ఉపసంహరించే పద్ధతిని స్టూడియో పాటించింది. ‘స్నో వైట్’ 1994 వరకు క్యాసెట్‌గా రాలేదు. మరోవైపు ‘ది లిటిల్ మెర్మెయిడ్’ విడుదలైన మరుసటి ఏడాదే ఇళ్లలోకి చేరింది. 1990ల పిల్లలు తమ కాలపు చిత్రాలను ఇంట్లో లెక్కలేనన్ని సార్లు చూడగలిగారు. వారే పెద్దవారై వాదంలోకి ప్రవేశించినప్పుడు ఆ దశాబ్దానికి పునరుజ్జీవనమన్న పేరు బలపడటంలో ఆశ్చర్యం లేదు. అభిరుచిగా కనిపించేదానిలో అందుబాటు పాత్ర గణనీయమైనది.

తెలుగు సాహిత్యంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ ఈ విషయానికి చక్కని సాదృశ్యం. వీరేశలింగం తీవ్రంగా నిరసించిన ఆ కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి ప్రచురించారు. వెంటనే ప్రభుత్వ నిషేధం వచ్చింది. అది 1947లో గాని తొలగలేదు. నిషేధ కాలంలో తంజావూరు సాహిత్యంపై తీర్పు చెప్పినవారిలో ఎందరికి ఆ గ్రంథం చేతికందింది? ప్రతి లభ్యమైతే గాని చర్చ సమగ్రం కాదు. దక్షిణాంధ్ర వాఙ్మయంలోని యక్షగానం, పదం, వచనం పరిశోధకుల దృష్టికి వచ్చిన తరువాతే ఆ కాలాన్ని ప్రబంధాల క్షీణదశగా మాత్రమే చూడటం సరికాదని స్పష్టమయింది. కొత్త ప్రక్రియల ఎదుగుదలను పాత ప్రక్రియ కొలమానంతో కొలిస్తే క్షీణత తప్ప మరేమీ కనిపించదు.

5. ఒకే స్టూడియో చరిత్ర పరిమితి

అభిమానుల విభజనలోని మరో లోపం, ఒక సంస్థ చరిత్రను ప్రక్రియ చరిత్రగా భావించడం. జర్మనీలో లొట్టె రైనిగర్ నీడబొమ్మలతో తీసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అఖ్మెద్’ 1926 నాటిది. అది ‘స్నో వైట్’ కంటే పదకొండేళ్లు ముందు వచ్చింది. డిస్నీకి చీకటి యుగమైన కాలం ఇతరులకు చీకటి కాలేదు. 1979లో స్టూడియోను విడిచిన డాన్ బ్లూత్ బృందం 1982లో ‘ది సీక్రెట్ ఆఫ్ నిమ్’, 1986లో ‘యాన్ అమెరికన్ టెయిల్’ తీసింది. 1985లో జపాన్‌లో స్టూడియో జిబ్లీ ఏర్పడింది. 1988లో ఆ సంస్థ ‘మై నెయిబర్ టోటోరో’, ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ చిత్రాలను జంటగా విడుదల చేసింది. అదే ఏడాది డిస్నీ విడుదల చేసిన ‘ఆలివర్ అండ్ కంపెనీ’తో అభిమానుల చీకటి యుగం ముగుస్తుంది. 1995లో పిక్సార్ నిర్మించిన ‘టాయ్ స్టోరీ’ పూర్తిగా కంప్యూటర్‌తో రూపొందిన తొలి కథాచిత్రంగా మరొక మార్గం తెరిచింది. ఒకే స్టూడియో పేరుతో గీసిన పటంలో ఇవన్నీ సరిహద్దుల అవతలే మిగిలిపోతాయి.

6. తెలుగు ప్రేక్షకుని కాలక్రమం

తెలుగు ప్రేక్షకుని అనుభవం ఈ విభజనను మరొక వైపు నుంచి ప్రశ్నిస్తుంది. 1990లలో దూరదర్శన్ ద్వారా తెలుగు ఇళ్లలోకి వచ్చిన మోగ్లీ 1967 నాటి డిస్నీ చిత్రంలోనివాడు కాదు. అది జపాన్‌లో నిర్మించిన ధారావాహిక. దానికి హిందీలో గుల్జార్ రాసిన పాట ఉంది. కిప్లింగ్ ఇంగ్లీషు కథ జపాన్ బొమ్మలతో, హిందీ పాటతో తెలుగు పిల్లవాని జ్ఞాపకంలో స్థిరపడింది. డిస్నీ బల్లూను కూడా అనేకమంది ముందుగా విమాన చోదకునిగా ‘టేల్‌స్పిన్’ ధారావాహికలోనే చూశారు. ఈ తరానికి రజతయుగమన్న మాట వర్తించదు. వారి కాలక్రమం ప్రసార క్రమమే.

2019లో ‘ది లయన్ కింగ్’ కంప్యూటర్ పునర్నిర్మాణం తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబా, టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ గళమిచ్చారు. అమెరికా అభిమానుల్లో అనేకులు 1994 నాటి చేతిబొమ్మల చిత్రంతో పోల్చి ఈ పునర్నిర్మాణంలో ముఖకవళికల పేదరికాన్ని ఎత్తిచూపారు. తెలుగు ప్రేక్షకునికి మాత్రం బ్రహ్మానందం, అలీల మాటలతో మన హాస్య చిత్రాల జ్ఞాపకం కూడా తెరపైకి వచ్చింది. ముఖంలో లోపించినదాన్ని గొంతు కొంత పూరించింది. 1994 చిత్రాన్ని ఆ తరువాత చూసే తెలుగు బాలునికి అదే ‘మరో ప్రతి’ అవుతుంది.

యూగో సాకో సంకల్పంతో జపాన్, భారత కళాకారులు కలిసి రూపొందించిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ చరిత్ర కూడా గమనార్హం. 1990ల తొలినాళ్లలో పూర్తయిన ఆ చిత్రం టెలివిజన్ ప్రసారాల ద్వారా అభిమానులను సంపాదించుకొంది. 2025 జనవరిలో తెలుగుతో సహా పలు భాషల్లో థియేటర్లకు వచ్చింది. దాని యుగం 1990లదా, 2025దా? తయారైన తేదీ ఒకటి, ప్రేక్షకుని చేరిన తేదీ మరొకటి అయినప్పుడు యుగ విభజన ఏ తేదీని అనుసరించాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, అభిమానుల యుగనామాలు కాలసూచకాలుగా ఉపయోగపడతాయి గాని విలువ నిర్ణయానికి ఆధారం కాజాలవు. 1970–1988 అన్న అంకెలు చెప్పగలిగినదాన్ని ‘చీకటి’ అన్న పదం మరుగుపరుస్తుంది. రెండవది, శిల్పం, నిర్మాణం, వస్తువు, వ్యాపారం అన్న కొలమానాలను విడదీయకుండా సాగే తులన వాదంగానే మిగులుతుంది, విమర్శ కాదు. మూడవది, ఒక చిత్రానికి నిర్మాణ తేదీతోపాటు పునఃప్రదర్శన, క్యాసెట్, అనువాద తేదీలు కూడా ఉంటాయి. ప్రేక్షకుని అభిరుచి చరిత్ర రాయాలంటే ఈ తేదీలన్నీ కావాలి.

యుగాల పేర్లు నిరపాయకరమైనవి కావు. చీకటి యుగమన్న ముద్ర కింద ఎలుగుబంటి పోరాటాన్ని గీసిన యువ కళాకారుని శ్రమ ఉంది. స్వర్ణయుగమన్న ముద్ర కింద పలకలపై సిరా గీతలు దిద్దిన మహిళల శ్రమ, వేతనాల కోసం సమ్మె చేసినవారి అసంతృప్తి ఉన్నాయి. మొదటి ముద్ర పనిని కనబడనివ్వదు, రెండవది బాధను కనబడనివ్వదు. తెలుగు సాహిత్య చరిత్ర తన ‘క్షీణయుగా’న్ని తిరిగి చదివి అందులోని వచనాన్ని, పదాన్ని, యక్షగానాన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. యానిమేషన్ చిత్రాల చరిత్ర తెలుగులో ఇప్పుడిప్పుడే పరిశోధనాంశమవుతున్నది. ఆ చరిత్రను రాయబోయేవారికి అరువు పేర్లు అవసరం లేదు. ఏ చిత్రం, ఏ చేతులతో, ఏ పరిస్థితుల్లో తయారై, ఏ భాషలో, ఎప్పుడు తెలుగు ప్రేక్షకుని చేరిందన్న వివరాలతోనే వారు పని మొదలుపెట్టవచ్చు.